పార్సిల్‌కు పనికొచ్చింది, కరెంటు బిల్లుకు కాలేదు: శ్రీకాకుళంలో ఒక స్వయంసేవా యంత్రంతో రెండు నెలలు

శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు నేను నెల సరుకులు కొనే సూపర్‌మార్కెట్‌లో, బియ్యం బస్తాలు పేర్చే చోటికీ బిల్లింగు కౌంటరుకీ మధ్య, రెండు నెలల కిందట ఒక యంత్రాన్ని నిలబెట్టారు. మనిషి ఎత్తున్న ఆ యంత్రానికి ఎదురుగా ఒక టచ్ స్క్రీను, దాని కింద చిన్న కాటా, పక్కన స్టిక్కరు బయటికి వచ్చే సన్నని చీలిక, అడుగున తాళం వేసిన ఇనుప పెట్టె ఉన్నాయి. ఎవరి సాయమూ లేకుండా పార్సిల్ బుక్ చేసుకోవచ్చని, కరెంటు బిల్లు, ఫోను రీచార్జి, గ్యాసు వంటి చెల్లింపులు కూడా అక్కడే ముగించుకోవచ్చని పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను ఇంట్లో మగ్గం వర్కు చేయించి జాకెట్లు కుట్టించి పంపే వ్యాపారం చేస్తున్నాను. ఈ రెండు నెలల్లో పద్నాలుగు పార్సిళ్లు, నాలుగు బిల్లులు ఆ యంత్రం ద్వారా నడిపించాను కనుక, నాలాగే ఇంటి నుంచి సరుకు పంపేవారికీ, ముఖ్యంగా నోట్లు చేతపట్టుకుని బిల్లు కట్టడానికి బయలుదేరే పెద్దవారికీ ఉపయోగపడుతుందని నా అనుభవం రాస్తున్నాను.

ముందుగా పార్సిల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ యంత్రం నిజంగా మంచి పని చేస్తున్నది అక్కడే. ఇదివరకు నా పార్సిళ్లన్నీ కొరియర్ ఆఫీసులో ఇచ్చేదాన్ని. చిరునామా నేను కాగితం మీద రాసి ఇస్తే అక్కడి కుర్రవాడు దాన్ని మళ్లీ కంప్యూటరులో ఎక్కించేవాడు. సాయంత్రం రద్దీలో ఒక అంకె అటూ ఇటూ అయినా ఇద్దరికీ తెలిసేది కాదు. గత ఏడాది ఒక పెళ్లి జాకెట్టు అలాగే దారి తప్పింది. విజయనగరం పిన్‌కోడు 535తో మొదలవుతుంది. అక్కడ 533 అని ఎక్కడంతో ఆ పార్సిల్ నేరుగా రాజమహేంద్రవరం వైపు పోయి, తొమ్మిది రోజుల తరవాత, ముహూర్తం దాటిపోయాక చేరింది. 1972 ఆగస్టు 15 నుంచి అమల్లో ఉన్న ఈ ఆరంకెల కోడులో మొదటి మూడు అంకెలు కలిసి సార్టింగు జిల్లాను, చివరి మూడు అంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును సూచిస్తాయి. కనుక చివరి అంకె తప్పితే పక్క ఊరికి పోయే పార్సిల్, మూడో అంకె తప్పితే మరో జిల్లాకే పోతుంది. ఆ పెళ్లికూతురి తల్లి ఒక్క మాట కూడా అనలేదు కానీ, ఆ తరవాత మా దగ్గర ఇంకేమీ కుట్టించుకోలేదు.

ఈ యంత్రంలో ఆ పొరపాటుకు చోటు చాలా తక్కువ. మన ఫోను నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ ఎక్కించగానే పంపేవారి వివరాలు మొదటిసారి అడిగి, రెండోసారి నుంచి తనే గుర్తుపెట్టుకుంటుంది. చేరవలసిన చోటి పిన్‌కోడు కొట్టగానే ఆ జిల్లా పేరు, రాష్ట్రం పేరు తెర మధ్యలో పెద్దగా చూపించి, సరేనా అని అడుగుతుంది. సరే అని నొక్కితేనే ముందుకు వెళ్తుంది. తరవాత పార్సిల్‌ను కాటా మీద పెట్టమంటుంది, పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుతుంది, మొత్తం ఎంతో జీఎస్టీతో సహా విడివిడిగా చూపిస్తుంది. తెర మీది క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేసి డబ్బు పంపితే బార్‌కోడు ఉన్న స్టిక్కరు బయటికి వస్తుంది. దాన్ని అతికించి అడుగు పెట్టెలో వేయడంతో మన పని పూర్తవుతుంది. మొదటిసారి నాకు పన్నెండు నిమిషాలు పట్టింది, ఇప్పుడు నాలుగు నిమిషాలకు మించడం లేదు.

నాకు అన్నిటికంటే నచ్చినది ధర లెక్క కళ్ల ముందు కనిపించడం. కొరియర్‌లో బరువుతో పాటు పరిమాణానికీ డబ్బు తీసుకుంటారని చాలామందికి తెలియదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తే వచ్చే కిలోల సంఖ్యకూ, కాటా మీది బరువుకూ మధ్య ఏది ఎక్కువైతే దానికే ధర కడతారు. నేను ఏళ్ల తరబడి పెళ్లి జాకెట్లను అట్టపెట్టెలోనే పంపుతూ వచ్చాను. ఆ పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 10 ఎత్తు. అంటే లోపల ఉన్నది ఆరు వందల గ్రాములే అయినా నేను కట్టినది కిలోన్నరకు. కౌంటరులో ఎవరూ ఆ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ యంత్రం రెండు బరువులనూ పక్కపక్కన చూపించిన రోజున నాకు విషయం అర్థమైంది. ఇప్పుడు జాకెట్టును బటర్ పేపరులో చుట్టి, పూసలు, జర్దోసీ నలిగిపోకుండా రెండు పక్కలా గట్టి అట్ట పెట్టి, మూడు సెంటీమీటర్ల మందం మించని కవరులో పంపుతున్నాను. ఆ కవరు లెక్క అరకిలో లోపే వస్తుంది కనుక ఇక అసలు బరువుకే కడుతున్నాను. ఈ ఒక్క మార్పుతో ప్రతి పార్సిల్ మీదా నాకు మిగులుతున్న డబ్బు, నెల తిరిగేసరికి ఒక కుట్టుపని అమ్మాయికి రెండు రోజుల కూలీ అవుతోంది.

కాటా నిజాయితీ గురించి కూడా చెప్పాలి. వ్యాపారానికి వాడే ఎలక్ట్రానిక్ కాటాను తూనికలు కొలతల శాఖ ఏడాదికొకసారి పరీక్షించి ముద్ర వేయాలి. మొదటి రోజే వంగి చూశాను, ముద్ర ఉంది. అయినా తృప్తి చాలక ఇంటి దగ్గరి కిరాణా కొట్టులో తూచిన మూటనే ఇక్కడా తూచి చూశాను, అయిదు గ్రాముల తేడా కూడా రాలేదు. ఒక లోపం మాత్రం ఉంది. కాటా చాలా చిన్నది కనుక వెడల్పైన పార్సిల్ అంచు యంత్రం గోడకు ఆనుకుంటే బరువు తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపిస్తే మనకే లాభం కదా అనుకోకూడదు. గోదాములో మళ్లీ తూచి తేడా డబ్బు కట్టమని మెసేజి పంపుతారు, అది కట్టేదాకా పార్సిల్ కదలదు. నాకు ఒకసారి అలా రెండు రోజులు ఆగింది.

చిరునామా దగ్గరికి వచ్చేసరికి ఈ యంత్రం మన ఊళ్ల సంగతి తెలియనివారు చేసినదని స్పష్టంగా తెలుస్తుంది. మన పల్లెల్లో ఇంటి నంబరు చెబితే ఇల్లు దొరకదు. రామాలయం వెనక సందు, నీళ్ల ట్యాంకుకు ఎదురిల్లు, ఫలానా మాస్టారిల్లు అంటేనే పార్సిల్ తెచ్చినవాడు గుమ్మం ముందు ఆగుతాడు. ఇక్కడ గుర్తు రాయడానికి ఇచ్చిన గడి నలభై అక్షరాలతో నిండిపోతుంది. కీబోర్డు ఇంగ్లిషులో మాత్రమే ఉంది. ఒకే పిన్‌కోడు కింద పది పన్నెండు ఊళ్లు ఉన్నప్పుడు వాటి జాబితా చూపించి ఎంచుకోమంటుంది, ఆ ఊళ్ల పేర్ల స్పెల్లింగు మనం రాసేదానికీ వాళ్లు రాసేదానికీ కలవదు. ఆమదాలవలసను ఆముదాలవలస అని రాసేవారు కూడా ఉన్నారు కనుక, ఊరు జాబితాలో లేదని వెనక్కి తిరిగేముందు ఒకటికి రెండు రకాలుగా వెతకడం మంచిది. నేను స్టిక్కరు అతికించాక కవరు మీద మార్కరుతో ఇంటి గుర్తును తెలుగులో విడిగా రాస్తున్నాను. అలా రాసిన పార్సిళ్లలో ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

భాష ఎంచుకునే చోట తెలుగు ఉంది, కానీ ఆ తెలుగును తెలుగు వచ్చినవారెవరూ ఒకసారి చదివినట్టు లేదు. పార్సిల్‌ను పెట్టెలో వేయండి అని ఉండవలసిన చోట ‘పార్సిల్‌ను వదలండి’ అని ఉంది. ఒక పెద్దావిడ ఆ మాట చదివి పార్సిల్‌ను కాటా మీదే వదిలేసి బయటికి వెళ్లిపోతుంటే కౌంటరులోని అమ్మాయి పరుగెత్తుకెళ్లి వెనక్కి పిలిచింది. ఇది చిన్న తప్పు కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి దాన్నే నమ్మి చేసే మనిషికి ఆ అక్షరమే దారి తప్పించకూడదు.

తినే వస్తువులు పంపేవారు కూడా జాగ్రత్తపడాలి. జీడిపప్పు, భీమాలి మామిడి తాండ్ర వంటి పొడి సరుకును ఈ యంత్రం అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది. నూనె ఉన్న ఆవకాయను మాత్రం ద్రవపదార్థాల కింద లెక్కగట్టి అక్కడికక్కడే ఆపేస్తుంది. అలా ఆపడం సబబే. ఒక సీసా కారితే అదే పెట్టెలో ఉన్న నా పట్టు జాకెట్టు గతి ఏమవుతుందో నాకు తెలుసు. విశాఖకో, విజయవాడకో పచ్చడి పంపాలంటే ఆర్టీసీ కాంప్లెక్సులోని కార్గో కౌంటరులో ఇచ్చి, తీసుకునేవారిని బస్టాండుకు రమ్మనడం మన ప్రాంతంలో అందరూ చేసే పని, ఇప్పటికీ దానికి మించిన దారి నాకు కనిపించలేదు. ఇక కాగితాలు, దస్తావేజులు పంపేవారికి ఈ యంత్రంతో పనే లేదు. 2025 అక్టోబరు 1 నుంచి మారిన ధరల ప్రకారం 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టు ఊళ్లోనే అయితే 19 రూపాయలు, ఊరు దాటితే దేశంలో ఎక్కడికైనా 47 రూపాయలు, జీఎస్టీ అదనం. ఈ యంత్రంలో అంతకంటే చౌకగా ఏదీ వెళ్లదు.

పెట్టెలోని పార్సిళ్లను రోజూ సాయంత్రం ఆరు గంటలకు వచ్చి తీసుకెళ్తారు, ఆదివారం రారు. రథసప్తమి నాడు అరసవల్లికి వచ్చే జనంతో ఊరంతా నిండిపోవడంతో ఆ రోజు బండి రాలేదు, ఆ మాట ముందుగా తెర మీద పెట్టలేదు. మిగిలిన రోజుల్లో సమయం తప్పలేదు. కొరియర్ ఆఫీసు ఏడింటికే మూసేస్తారు కనుక, రాత్రి తొమ్మిదిన్నరకు పని ముగించుకుని వెళ్లి పెట్టెలో వేసి రాగలగడం నాలాంటివారికి పెద్ద వెసులుబాటు. ఆ రాత్రికి పార్సిల్ కదలదు కానీ, మర్నాడు పని మానుకుని మళ్లీ వెళ్లనక్కరలేదు.

ఇప్పుడు బిల్లుల సంగతి. ఇక్కడ నేను బాధతోనే రాస్తున్నాను. ఈ యంత్రం నోట్లు తీసుకోదు. చెల్లింపు అంతా క్యూఆర్ కోడుతోనే. ఆలోచించి చూడండి, ఫోనులో యూపీఐ ఉన్న మనిషి కరెంటు బిల్లు కట్టడానికి ఇల్లు కదలవలసిన పనేముంది? యూపీఐ 2016లో వచ్చింది. 2025 జనవరిలో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ సేవ ‘మన మిత్ర’ ద్వారా వాట్సాప్‌లోనే కట్టే వీలూ వచ్చింది. ఇవి చేతిలో ఉన్నవారికి ఈ యంత్రం కొత్తగా ఇచ్చేదేమీ లేదు. బిల్లు కట్టడానికి ఒక చోటికి నడిచి వచ్చేవారు ఎవరంటే, విద్యుత్ పంపిణీ సంస్థ బిల్లు వసూలుకు పెట్టిన ఏటీపీ (ఎనీ టైమ్ పేమెంట్) కేంద్రాల్లో నోటు ఇచ్చి రసీదు తీసుకోవడానికి అలవాటు పడినవారు, బ్యాంకు ఖాతాను ఫోనుకు కలపడానికి భయపడేవారు, బటన్ల ఫోను మాత్రమే ఉన్నవారు. సరిగ్గా వారినే ఈ యంత్రం వెనక్కి పంపుతోంది.

ఒక మధ్యాహ్నం నా ముందు నిలబడ్డ తాత ఒకరు పంచె మడతలోంచి బిల్లు కాగితం, అయిదు వందల నోట్లు రెండు తీసి, యంత్రానికి నోటు పెట్టే చీలిక ఎక్కడుందా అని చేత్తో తడిమి చూశారు. స్టిక్కరు వచ్చే చీలికలో నోటు పెట్టబోతుంటే కొట్టులోని కుర్రవాడు వచ్చి ఆపాడు.

“బాబూ, ఈ మిసను నా నోట్లు తీసుకోదేటి?”

“తీసుకోదు తాతా, ఫోనుండాల.”

ఆయన ఇంకేమీ అడగలేదు. నోట్లు మళ్లీ మడతలో పెట్టుకుని ఎండలోకి వెళ్లిపోయారు. కరెంటు బిల్లు కట్టవచ్చని అంత పెద్ద అక్షరాలతో రాసినవారు, నోట్లు తీసుకోబడవు అనే మాటను కూడా అంతే పెద్దగా రాయవలసింది.

ఫోను ఉన్న నాకూ ఇక్కడ చెడ్డ అనుభవమే ఎదురైంది. నాలుగు బిల్లుల్లో మూడు సవ్యంగా కట్టుబడ్డాయి. నాలుగోసారి, గడువుకు ముందు రోజు, 1,140 రూపాయలు ఖాతాలోంచి పోయాక తెర అలాగే నిలిచిపోయి, రసీదు రాకుండానే మొదటి పేజీకి తిరిగి వెళ్లిపోయింది. యంత్రం మీద ఉన్న ఫిర్యాదు నంబరుకు ఆ సాయంత్రం ఆరుసార్లు ఫోను చేసినా ఎవరూ ఎత్తలేదు. మర్నాడు గడువు తేదీ కనుక అదే బిల్లు మరోచోట మళ్లీ కట్టవలసి వచ్చింది. పోయిన డబ్బు నాలుగో రోజున ఖాతాకు తిరిగి వచ్చింది. ఇలాంటి సందర్భానికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన నియమం ఒకటి ఉంది: యూపీఐతో దుకాణానికి చెల్లించినప్పుడు మన డబ్బు పోయి అవతల చేరినట్టు ఖాయం కాకపోతే, అయిదు రోజుల్లోగా దానంతట అదే తిరిగి రావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. కాబట్టి డబ్బు పోయిందని కంగారుపడనక్కరలేదు, కానీ ఫోనులోని లావాదేవీ నంబరును తుడిచేయకుండా ఉంచుకోవాలి. రసీదు వచ్చినా దాన్ని ఫోటో తీసి పెట్టుకోవడం అవసరం. అది సిరా లేకుండా వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితం కనుక, మన ఎండల్లో పర్సులో రెండు నెలలు ఉంటే అక్షరాలు మాసిపోతాయి. ఫోను రీచార్జి, గ్యాసు నేను వాడి చూడలేదు, వాటి గురించి చెప్పను.

నోట్లు తీసుకునే యంత్రం ఖరీదని, దాన్ని చూసుకోవడం కష్టమని కొట్టు మేనేజరు గారు నాతో అన్నారు. అది నిజమే కావచ్చు. కానీ నోట్లు తీసుకోవడానికి యంత్రమే అక్కరలేదని నేను నా కళ్లతో చూశాను. మా చెల్లెలు జపాన్‌లో కవాసాకిలో ఉంటుంది. 2023లో ఆమె పురుటికి నేను వెళ్లి రెండు నెలలు తోడున్నాను. వాళ్లింటి పక్కనున్న లాసన్ దుకాణంలో ‘లోప్పి’ అనే యంత్రం ఉంది. 1998 నుంచి ఆ దుకాణాల్లో ఉన్నది అదే. పెద్ద పిల్లకు చాలని బట్టలు మా చెల్లెలు ఆన్‌లైన్‌లో అమ్మేది. ఫోనులో వచ్చిన కోడును లోప్పికి చూపిస్తే ఒక చీటీ వస్తుంది, ఆ చీటీని అరగంట లోపల పక్కనే ఉన్న కౌంటరుకు తీసుకెళ్లి పార్సిల్‌తో సహా ఇస్తే, అక్కడి మనిషి చిరునామా స్టిక్కరు ఇచ్చి పార్సిల్ తీసుకుంటాడు. యంత్రంలో టికెట్లు బుక్ చేసినా అంతే, చీటీ యంత్రం ఇస్తుంది, డబ్బు కౌంటరు తీసుకుంటుంది. కరెంటు బిల్లుకు ఆ చీటీ కూడా అక్కరలేదు. ఇంటికి వచ్చిన బిల్లు మీదే బార్‌కోడు ఉంటుంది, కౌంటరులో దాన్ని స్కాన్ చేసి, నోట్లు తీసుకుని, ముద్ర వేసిన ముక్క చించి ఇస్తారు. టోక్యో కరెంటు కంపెనీ బిల్లులను సెవెన్ ఇలెవెన్ దుకాణాలు ఇలా తీసుకోవడం 1987లోనే మొదలైంది. మా చెల్లెలి పక్కింటి ముసలావిడ కర్ర ఊతంతో వచ్చి, నాణేలు లెక్కపెట్టి ఇచ్చి, ముద్ర పడిన కాగితం జాగ్రత్తగా మడిచి పెట్టుకునేది. లోప్పిలో అన్నీ జపాన్ అక్షరాలే కనుక చెల్లెలు లేకుండా నేను దాన్ని ముట్టుకోలేకపోయాను, అది వేరే మాట. కానీ బిల్లు కట్టడానికి మాత్రం నాకూ ఎవరి సాయమూ అవసరం కాలేదు.

ఇక్కడి యంత్రానికీ ఆ పద్ధతి చాలు. సర్వీసు నంబరు కొట్టగానే బార్‌కోడుతో ఒక చీటీ ఇచ్చి, మూడడుగుల దూరంలో ఉన్న బిల్లింగు కౌంటరులో బియ్యం, పప్పులతో పాటే ఆ డబ్బు కూడా తీసుకుంటే సరిపోతుంది. కౌంటరులో స్కానరు ఉంది, గల్లాపెట్టె ఉంది, మనిషి ఉంది. ఇదే విషయం రాసి మేనేజరు గారికి ఇచ్చాను. యంత్రం పెట్టిన కంపెనీకి పంపుతానని తీసుకున్నారు.

పోయిన వారం సరుకులకు వెళ్లినప్పుడు ఆ తాత మళ్లీ కనిపించారు. ఈసారి నేరుగా కౌంటరుకు వెళ్లి, బిల్లు కాగితం, నోట్లు ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. ఆమె నోట్లు తన చేతిసంచిలో వేసుకుని, యంత్రం దగ్గరికి వచ్చి, తన సొంత ఫోనుతో స్కాన్ చేసి బిల్లు కట్టి, రసీదు ఆయనకు ఇచ్చింది. రోజుకు నలుగురైదుగురికి ఇలాగే కడుతున్నానని, దీనికి కొట్టు నుంచి గానీ, కంపెనీ నుంచి గానీ తనకు ఏమీ రాదని చెప్పింది. నా 1,140 రూపాయల్లాగా ఒకనాడు ఆమె డబ్బు మధ్యలో ఇరుక్కుంటే ఆమె ఎవరిని అడగాలో ఆ యంత్రం మీద ఎక్కడా రాసి లేదు.